డాక్టరు సీటుకు దారి ఖర్చులు

1909లో ఒక బడిపంతులు పెట్టె సర్దుకుని రైలెక్కాడు. పేరు అబ్రహాం ఫ్లెక్స్‌నర్. ఊరు అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయీవిల్. ఆయన డాక్టరు కాదు. కార్నెగీ ఫౌండేషన్ అప్పజెప్పిన పనిమీద ఏడాదికి పైగా తిరిగి, అమెరికా, కెనడాల్లో అప్పుడున్న 155 మెడికల్ స్కూళ్లనూ చూసొచ్చాడు. ల్యాబుల్లో సామాను ఉందా, పక్కన ఆస్పత్రి ఉందా, చేర్చుకునే పిల్లలకు ముందు ఏపాటి చదువు ఉండాలంటున్నారు అని ప్రతిచోటా ఆరా తీసి రాసుకున్నాడు. 155లో 31 మిగిలితే చాలని 1910లో అచ్చయిన ఆయన నివేదిక తేల్చేసింది.

అప్పటిదాకా అమెరికాలో డాక్టరు చదువుకు దూరాభారం పెద్ద చిక్కు కాదు. ఓ మోస్తరు పట్టణాల్లో కూడా నలుగురు డాక్టర్లు కలిసి పెట్టుకున్న స్కూలు ఒకటి ఉండేది. ఫీజు కట్టగలిగితే చేర్చుకునేవాళ్లు. మనిషిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, నీకు డాక్టరు కావాలని ఎందుకు అనిపించిందని అడిగే ఆనవాయితీ లేదు. 1883లో మన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలోని ఉమెన్స్ మెడికల్ కాలేజీలో చేరడానికి కూడా ఉత్తరమే రాసింది. ఆ ఉత్తరంలో ఆమె చెప్పుకున్న మాటలే సీటు ఇప్పించాయి.

ఫ్లెక్స్‌నర్ నివేదిక తరవాత ఆ రోజులు పోయాయి. నాసిరకం స్కూళ్లు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. 1922 నాటికి మిగిలినవి 81. రోగులకు అది మేలే చేసింది, అందులో సందేహం లేదు. కానీ స్కూలు దూరమైంది. ఆ దూరం అందరికీ ఒకేలా పెరగలేదు. నల్లజాతి పిల్లల కోసం ఉన్న ఏడు స్కూళ్లలో రెండే నిలబడాలని ఫ్లెక్స్‌నర్ రాశాడు. ఒకటి వాషింగ్టన్‌లోని హోవర్డ్, రెండోది నాష్‌విల్‌లోని మెహారీ. మిగతా ఐదూ కొన్నేళ్లలో కనుమరుగయ్యాయి. మిసిసిపీలోనో అలబామాలోనో పుట్టిన నల్లపిల్లాడు డాక్టరు కావాలంటే, వేరుగా పెట్టిన రైలుపెట్టెలో కూర్చుని, దారిలో ఏ హోటల్ గది ఇస్తుందో తెలియక, వందల మైళ్లు పోవాల్సి వచ్చేది. న్యూయార్క్ పోస్ట్‌మన్ విక్టర్ గ్రీన్ 1936లో మొదలుపెట్టిన గ్రీన్ బుక్, నల్లవాళ్లకు గది ఎక్కడ దొరుకుతుందో, అన్నం ఎక్కడ పెడతారో చెప్పే పుస్తకం. అలాంటి పుస్తకం అవసరమైన రోజుల్లో చదువు కోసం ప్రయాణమంటే టికెట్టు కొనడం ఒక్కటే కాదు.

మిగిలిన స్కూళ్లకు దరఖాస్తులు పోటెత్తాయి. ఎవరిని తీసుకోవాలో ఎంచుకునే వీలు రాగానే, ఎవరిని వద్దనాలన్న లెక్క కూడా వచ్చింది. 1920లు, 30లలో తూర్పుతీరంలోని పేరున్న స్కూళ్లు యూదు పిల్లల సంఖ్యకు గుట్టుగా హద్దు గీశాయి. దరఖాస్తులో మతం అడిగేవారు, ఫొటో అడిగేవారు, తల్లి పుట్టింటి పేరు అడిగేవారు. అవి చాలకపోతే మనిషినే రప్పించి చూసేవారు. ఐదుగురికి మించి యూదులు వద్దు, ఇద్దరికి మించి ఇటాలియన్ కాథలిక్కులు వద్దు, నల్లవాళ్లు అసలే వద్దు అని యేల్ మెడికల్ స్కూల్ డీన్ విన్‌టర్నిట్జ్ తన వాళ్లకు చెప్పినట్టు ఆ స్కూలు చరిత్ర రాసినవాళ్లే నమోదు చేశారు. ఆయన తానే యూదుడు. కొలంబియా మెడికల్ స్కూల్లో 1920లో దాదాపు సగం మంది యూదు విద్యార్థులుంటే, 1940 నాటికి వాళ్లు పదోవంతు కూడా లేరు. మార్కుల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకనప్పుడు ఇంటర్వ్యూ అక్కరకొచ్చింది. మాట తీరు, నడవడి, వ్యక్తిత్వం అనే పేర్లతో ఎవరినైనా పక్కన పెట్టొచ్చు. మెడికల్ ఇంటర్వ్యూ అనే ఆచారం బలపడిన చోటు ఇదే. దీన్ని మరిచిపోయి దాని చరిత్ర చెప్పలేం.

ఆ కాలంలోనే ఒక తెలుగువాడు బోస్టన్‌లో దిగాడు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1920ల ఆరంభంలో హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో ఆయనకు చోటు దొరికింది. చోటు దొరికినా దారి ఖర్చు సమస్య తీరలేదు. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం తోడైతేగాని ఓడెక్కలేకపోయాడు. అక్కడికి చేరాక పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి పొట్టపోసుకున్నాడు. తరవాతి రోజుల్లో ఆయన, ఆయన బృందం చేసిన పని ప్రపంచానికి తెలిసిందే. ఆ చారిటీస్ వాళ్లు చేయి అందించకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఈ వ్యాసమంతటికీ వర్తిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇంటర్వ్యూ మామూలు తంతుగా మారిపోయింది. కోటాలు మెల్లగా సడలాయి, ఇంటర్వ్యూ మాత్రం నిలిచింది. పిల్లలు రైల్లో వెళ్లేవారు, గ్రేహౌండ్ బస్సులో వెళ్లేవారు, తండ్రి కారు తీసుకుని రాత్రంతా నడుపుకుంటూ వెళ్లేవారు. 1966లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 22 ఏళ్లు నిండని కుర్రకారుకు సగం ధరకే టికెట్టు ఇవ్వడం మొదలుపెట్టింది, మిగతా కంపెనీలు వెనకే నడిచాయి. ఒకటే షరతు. విమానంలో సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. పొద్దున్నే ఎనిమిదింటికి డీన్ ఆఫీసులో ఉండాల్సినవాడికి మిగిలిన సీటు మీద భరోసా ఎక్కడిది? ఆ సగం ధర కూడా 1974లో ఎత్తేశారు.

కొన్నిచోట్ల దూరం మరీ ఘోరం. అలాస్కా, మోంటానా, ఐడహో, వయోమింగ్ లాంటి రాష్ట్రాలకు అప్పట్లో సొంత మెడికల్ స్కూలు లేదు. 1970ల మొదట్లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, చుట్టుపక్కల రాష్ట్రాల పిల్లలకు కొన్ని సీట్లు కేటాయిస్తూ ఉమ్మడి ఏర్పాటు చేసింది. వయోమింగ్ 1996లో అందులో చేరింది. మంచి ఆలోచన, ఇప్పటికీ నడుస్తోంది. అయినా యాంకరేజ్ నుంచి సియాటిల్‌కు విమానదూరం 2,300 కిలోమీటర్లకు పైమాటే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయి, మళ్లీ వెనక్కి మూడొంతులకు పైగా దారి వచ్చినంత.

1970 ప్రాంతంలో ఇంకో మార్పు వచ్చింది. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం ఉమ్మడి దరఖాస్తు పద్ధతి పెట్టింది. ఒకే ఫారం నింపి ఎన్ని స్కూళ్లకైనా పంపుకోవచ్చు. పని తేలికైంది కదా అని పిల్లలు దరఖాస్తులు పెంచారు. దరఖాస్తులు పెరిగాయి కదా అని స్కూళ్లు ఎక్కువమందిని ఇంటర్వ్యూలకు పిలిచాయి. కాగితం కేంద్రానికి చేరింది గాని మనిషి మాత్రం ఒక్కో ఊరికీ విడిగా తిరగాల్సిందే. పైగా చాలా స్కూళ్లు ముందొచ్చిన దరఖాస్తును ముందే తేల్చి, సీట్లు నింపుకుంటూ పోతాయి. ఆలస్యంగా వచ్చినవాడికి మిగిలేది అడుగూబొడుగూ.

ఆ ఆలస్యం ఎంత దూరం తీసుకెళ్తుందో అలన్ బ్యాకీ కథలో కనిపిస్తుంది. నాసాలో ఇంజనీరు, ముప్పై దాటినవాడు, డాక్టరు కావాలనుకున్నాడు. అత్తగారికి జబ్బు చేయడంతో దరఖాస్తు పూర్తిచేయడం ఆలస్యమైంది. 1973 మార్చిలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో ఇంటర్వ్యూ జరిగింది. చూసిన ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు. 500కు 468 మార్కులు వచ్చాయి. కానీ అప్పటికి సీట్లు చాలావరకు నిండిపోయి, గీత 470 దగ్గర ఉంది. మరుసటి ఏడు ముందే దరఖాస్తు పెట్టాడు. ఈసారి ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి ఆయన అభిప్రాయాలు నచ్చలేదు. ఆరుగురు మార్కులు వేస్తే ఆ పెద్దమనిషి వేసినవే అందరికంటే తక్కువ. మళ్లీ సీటు రాలేదు. బ్యాకీ కోర్టుకెక్కాడు. 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రిజర్వేషన్ల చరిత్రలో పెద్ద మలుపుగా నిలిచింది. ఆ చర్చ వేరు, అది ఎంతైనా జరగవచ్చు. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి. అదే మనిషి, అదే కాలేజీ. ఒక ఏడు తేదీ కలిసిరాలేదు, ఇంకో ఏడు కుర్చీలో కూర్చున్న మనిషి కలిసిరాలేదు.

అదే 1978లో అమెరికా ప్రభుత్వం విమాన చార్జీల మీద పట్టు వదిలేసింది. టికెట్లు చవకబడ్డాయి. అక్కడి నుంచి 2019 దాకా నలభై ఏళ్లు ఇంటర్వ్యూ ప్రయాణాలకు పండగ కాలమనాలి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా, అంటే మంచు కురిసే నెలలన్నీ కలిపి, నల్ల సూటు వేసుకున్న ఇరవై రెండేళ్ల పిల్లలు విమానాశ్రయాల్లో కనిపించేవారు. చూడగానే పోల్చుకోవచ్చు. చేతిలో తోలు ఫైలు, భుజాన సంచి. అంతకుమించి సామాను ఉండదు.

ఉండదంటే ఉండకూడదని. పెట్టెను విమానం కింద అరలో వేస్తే అది ఇంకో ఊరు చేరిందంటే, మర్నాడు జీన్స్ ప్యాంటుతో డీన్ ముందు కూర్చోవాలి. అందుకని సూటు చేతి సంచిలోనే పెట్టుకునేవారు. లేదా ఒంటిమీద వేసుకునే ప్రయాణం చేసేవారు. చొక్కా ముడతలు పోవడానికి హోటల్ స్నానాలగదిలో వేణ్నీళ్లు తిప్పి, ఆవిరికి తగిలించడం సీనియర్లు జూనియర్లకు నేర్పే మొదటి విద్య. అమ్మాయిలు నడవడానికి ఒక జత, ఇంటర్వ్యూకు ఒక జత చెప్పులు పట్టుకెళ్లేవారు. ఇంటర్వ్యూ రోజున ఆస్పత్రంతా తిప్పి చూపిస్తారు, ఎత్తుమడమల బూట్లతో ఆ నడక నరకం.

తేదీలు ఖరారు చేసుకోవడం అసలైన పరీక్ష. స్కూలు నుంచి ఈమెయిల్ వచ్చిన నిమిషాల్లో జవాబివ్వకపోతే మంచి తేదీలు పోతాయి. ఒక స్కూలు క్లీవ్‌లాండ్‌లో సోమవారం రమ్మంటుంది, ఇంకోటి పిట్స్‌బర్గ్‌లో మూడు వారాల తరవాత రమ్మంటుంది. రెండు ఊళ్ల మధ్య దూరం రెండు గంటల కారు ప్రయాణం. రెండుసార్లు విమానమెక్కడం కంటే ఒక్కసారే రెండూ పూర్తిచేసుకోవచ్చు కదా. అందుకే ఫలానా వారం మీ పక్క ఊళ్లో ఉంటాను, వీలైతే అప్పుడే నన్నూ చూడండి అని అడ్మిషన్ ఆఫీసుకు వినయంగా ఉత్తరం రాయడం ఆనవాయితీ అయింది. కొందరు ఒప్పుకునేవారు. కొందరి నుంచి జవాబే వచ్చేది కాదు.

దిగాక ఆస్పత్రి దాకా ఎలా పోవాలి? అమెరికాలో చాలా ఊళ్లలో బస్సు దొరకదు. అద్దెకారు తీసుకుందామంటే పాతికేళ్లు నిండనివాళ్ల దగ్గర కంపెనీలు రోజుకింత అని అదనంగా వసూలు చేస్తాయి. మెడికల్ సీటుకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది పాతిక లోపువాళ్లే. క్రెడిట్ కార్డు కూడా కావాలి. ప్రయాణం మార్చుకోవాల్సి వస్తే పెద్ద విమాన కంపెనీలు 200 డాలర్ల దాకా జరిమానా వేసేవి. ఆ జరిమానా లేని సౌత్‌వెస్ట్ విమానాలంటే అందుకే ఈ పిల్లలకు ప్రాణం. షికాగోలో మంచు తుపాను వచ్చి విమానాలు ఆగిపోతే ఇంటర్వ్యూ పోయినట్టేనేమోనన్న దిగులు ఒకటి. 2001 సెప్టెంబరు 11 తరవాత రోజుల తరబడి దేశమంతటా విమానాలు నిలిచిపోయినప్పుడు, సరిగ్గా ఈ సీజన్ మొదలవుతోంది.

ఈ తంతులో అందరికీ నచ్చే మంచి విషయం ఒకటుంది. అది సోఫా. వచ్చినవాళ్లకు హోటల్ ఖర్చు తప్పించడానికి ఆ స్కూల్లో చదివే పిల్లలు తమ గదిలోనే పడుకోనిచ్చేవారు. చాలా స్కూళ్లు దీనికో పద్ధతే పెట్టాయి. మీకు పిల్లులంటే ఎలర్జీ ఉందా అని ముందే అడిగేవారు. రాత్రి పిజ్జా తింటూ, ఈ స్కూల్లో నిజంగా ఎలా ఉంటుందో చెప్పు అని అడిగితే, మర్నాడు కమిటీ గదిలో వినపడని మాటలు వినపడేవి. ఫీజు అప్పు ఎంతయిందో, ఏ ప్రొఫెసర్ తిడతాడో, తన రంగు పిల్లలు క్లాసులో ఎంతమందో అక్కడే తెలిసేది. ఇంటర్వ్యూ ప్రయాణాలను సమర్థించేవాళ్లు చెప్పే అసలైన కారణం ఇదే, అది బలమైన కారణమే.

ఖర్చు మాత్రం అభ్యర్థిదే. దరఖాస్తు రుసుము కట్టలేని పేదపిల్లలకు కాలేజీల సంఘం సాయపథకం ఉంది. 20 స్కూళ్ల దాకా దరఖాస్తు రుసుము మాఫీ చేస్తుంది. విమానం టికెట్టు, గది, సూటు అందులోకి రావు. అంటే దరఖాస్తు దాకా చేయి పట్టుకుని నడిపించి, గుమ్మం దగ్గర వదిలేసినట్టు. తల్లిదండ్రులకు స్తోమత ఉన్న పిల్లలు పిలిచిన ప్రతిచోటికీ వెళ్లారు. లేనివాళ్లు పిలుపు వచ్చిన స్కూళ్లలో కొన్నిటిని వదులుకున్నారు, లేదా క్రెడిట్ కార్డు గీకి వడ్డీ కట్టుకున్నారు. రెండుచోట్లకు వెళ్లినవాడికీ పదిచోట్లకు వెళ్లినవాడికీ సీటు వచ్చే అవకాశం ఒకటి కాదు. దీన్ని ప్రతిభ అనలేం.

ఇంతా చేసి ఆ ఇంటర్వ్యూలు మంచి డాక్టర్లను పసిగట్టాయా? దీనికి జవాబు ఎవరూ కోరకుండానే దొరికింది, టెక్సస్‌లో.

1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు 800 మందిని ఇంటర్వ్యూ చేసి, వరస పేర్చి, పైనుంచి 150 మందితో క్లాసు నింపుకుంది. ఆ తరవాత, వేసవి దగ్గరపడ్డాక, ఇంకో 50 మందిని తీసుకోమని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. పై వరసలోవాళ్లు అప్పటికే ఎక్కడో ఒకచోట చేరిపోయారు. దొరికినవాళ్లు జాబితా అట్టడుగున, ఏడొందల తరవాత ఉన్నవాళ్లు. ఇంటర్వ్యూలో వద్దనుకున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి దేశంలో ఇంకెక్కడా సీటు రాలేదు. అలాంటి 50 మంది వచ్చి అదే క్లాసులో కూర్చున్నారు.

ఏళ్ల తరవాత అక్కడి అధ్యాపకులు రెండు గుంపుల రికార్డులూ తీసి పోల్చారు. చదువు మధ్యలో మానేసినవాళ్లు, మొదటి రెండేళ్ల మార్కులు, ఆస్పత్రి వార్డుల్లో పనితీరు, చదువయ్యాక శిక్షణలో మొదటి ఏడాది, ఏది చూసినా తేడా కనిపించలేదు. పైవరసకూ కిందివరసకూ మధ్య కమిటీ చూసిన తేడాలో ఎక్కువ భాగం మార్కులది కాదు, ఎదురుగా కూర్చున్నప్పుడు కలిగిన అభిప్రాయానిది. 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఈ లెక్క అచ్చయింది. ఒక్క స్కూలు, ఒక్క ఏడాది అనుభవంతో అంతా తేలిపోదన్నది నిజమే. కానీ మానసిక శాస్త్రవేత్తలు నేటికీ దీన్ని ఉదహరిస్తూనే ఉన్నారు, కాదనడానికి గట్టి జవాబు స్కూళ్లు చూపలేదు.

జవాబుకు కాస్త దగ్గరగా వచ్చింది కెనడా. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ ఒకరి అభిప్రాయం మీద ఆధారపడకుండా, పది చిన్న గదులు పెట్టి, ఒక్కో గదిలో ఎనిమిది నిమిషాల చొప్పున వేరువేరు మనుషులతో మాట్లాడించే పద్ధతి తెచ్చింది. 2004లో దాని ఫలితాలు వెలువడ్డాక ఎన్నో దేశాలు అందిపుచ్చుకున్నాయి. ఇది పాత ఇంటర్వ్యూ కంటే న్యాయమైనది. అయితే పదిమంది పరీక్షకులూ అభ్యర్థులూ ఒకే రోజు ఒకే చోట ఉంటేనే జరుగుతుంది కాబట్టి ప్రయాణం తప్పలేదు.

మన దేశంలో ఇదే సందేహం కోర్టుల్లో తేలింది. మెడికల్ సీటుకు ఇంటర్వ్యూ మార్కులు మనకూ ఉండేవి. మైసూరు రాష్ట్రపు ఇంటర్వ్యూ పద్ధతిని 1964లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1970కి కోర్టు చూపు మారింది. తమిళనాడులో కాలేజీలను యూనిట్లుగా విడగొట్టి, వేరువేరు కమిటీలతో ఎంపిక చేస్తూ, ఇంటర్వ్యూకు 75 మార్కులు పెట్టిన తీరును తప్పుపట్టింది. 1980 నవంబరులో శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ కేసులో తీర్పు ఇంకా సూటిగా వచ్చింది. రెండు మూడు నిమిషాలు మాట్లాడి మూడోవంతు మార్కులు నిర్ణయించడం ఏకపక్షమని, ఇంటర్వ్యూకు 15 శాతం మించకూడదని చెప్పింది.

ఆంధ్రప్రదేశ్ 1986లో ఎంసెట్ పెట్టింది. అదే ఏడు విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. తరవాతి కాలంలో తెలుగు కుటుంబాలకు మెడికల్ సీటు ప్రయాణమంటే కౌన్సెలింగ్‌కు వెళ్లడమే అయింది. ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు, డీడీ, తోడుగా నాన్నో మేనమామో. లాడ్జిలో గది దొరక్కపోతే బస్టాండులోనే రాత్రి. కష్టమే గాని, అక్కడ నీ మాట తీరు ఎవరూ చూసేవారు కాదు. ర్యాంకు పిలిచేవారు, కాలేజీ ఎంచుకునేవాడివి, అంతే. ఒక్కసారి వెళ్తే అన్ని కాలేజీల పనీ అయిపోయేది. అమెరికా పిల్లలకు ఆ ఒక్క సుఖం ఎన్నడూ లేదు.

ఇంటర్వ్యూను చాలాకాలం పట్టుకుని వదలని కాలేజీ మన పొరుగునే ఉంది. చిత్తూరు దాటితే వచ్చే వెల్లూరు సీఎంసీ. ఐడా స్కడర్ నాటిన ఆ సంస్థ, పల్లెల్లో పనిచేసే మనసున్న పిల్లలను ఏరుకోవడానికి రోజుల తరబడి క్యాంపస్‌లోనే ఉంచుకుని, ఆటలు, బృందపనులు, మాటల్లో గమనించి ఎంపిక చేసేది. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఆ వెల్లూరు ప్రయాణం ఒక తరానికి గుర్తుంది. నీట్ వచ్చాక తన ఎంపిక తనకే ఉండాలని కోర్టులో పోరాడుతూ, 2017లో 100 సీట్లలో ఒకే ఒక్కరిని చేర్చుకుంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నీట్ అందరికీ వర్తిస్తుందని తేల్చేసింది. వెల్లూరు నుంచి పల్లె ఆస్పత్రులకు వెళ్లిన డాక్టర్లను చూస్తే, ఓపికగా చేసిన ఎంపికకు విలువ ఉంటుందని ఒప్పుకోవాల్సిందే. పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీ మాత్రం నీట్ ర్యాంకు చూశాక కూడా ఇంటర్వ్యూకు పిలుస్తూనే ఉంది.

ఇంటర్వ్యూ లేకుండా గుంటూరులోనో ఉస్మానియాలోనో డాక్టరైన మన పిల్లలకు అమెరికా ప్రయాణాల బరువు ఇంకో రూపంలో ఎదురైంది. అక్కడ రెసిడెన్సీ, అంటే చదువయ్యాక ఆస్పత్రిలో శిక్షణ, కావాలంటే 1998 నుంచి విదేశీ డాక్టర్లు నటులను రోగులుగా పెట్టిన పరీక్ష రాయాల్సి వచ్చేది, మొదట ఫిలడెల్ఫియాలో ఒక్కచోటే. 2004లో అది అమెరికా పిల్లలకు కూడా తప్పనిసరై, ఐదు ఊళ్లకు విస్తరించింది. ప్రపంచంలో ఇంకెక్కడా కేంద్రం ఉండేది కాదు. ఆ ఒక్కరోజు పరీక్షకు ముందు వీసా కావాల్సి వచ్చేది. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2009లో వీసాలు ఇవ్వడం మొదలుపెట్టేదాకా, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణించి చెన్నైలో వరసలో నిలబడాల్సి వచ్చేది. వీసా వస్తే విమానం, అక్కడ ఎవరో తెలిసినవాళ్ల ఇంట్లో మకాం, మళ్లీ చలికాలంలో రెసిడెన్సీ ఇంటర్వ్యూల కోసం ఊరూరా తిరుగుడు. అన్నకో అక్కకో స్నేహితులైన తెలుగు డాక్టర్ల ఇళ్లే వీళ్లకు సత్రాలయ్యాయి. ఇవాళ అక్కడ స్థిరపడిన మన డాక్టర్లలో చాలామంది ఒకప్పుడు ఎవరో ఒకరి సోఫా మీద పడుకున్నవాళ్లే.

2020 మార్చిలో అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కోవిడ్ భయంతో కాలేజీల సంఘం ఇంటర్వ్యూలను ఆన్‌లైన్లోనే చేయమంది. అభ్యర్థులు బెడ్‌రూమ్‌లో గోడ ముందు కుర్చీ వేసుకుని, పైన కోటు తొడుక్కుని, ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి ఎత్తు సరిచేసుకుని కూర్చున్నారు. ఇంట్లో నలుగురుంటే గది దొరకని బాధ, ఇంటర్నెట్ ఆగిపోతుందన్న దడ ఈ పద్ధతిలోనూ ఉన్నాయి. కానీ విమానం లేదు, హోటల్ లేదు, సెలవు కోసం యజమానిని బతిమాలడం లేదు. ఆ ఆగస్టు చివర పెద్ద విమాన కంపెనీలు ప్రయాణం మార్చుకున్నందుకు వేసే 200 డాలర్ల జరిమానా కూడా ఎత్తేశాయి. నటులను రోగులుగా పెట్టిన పరీక్షను 2021 జనవరిలో శాశ్వతంగా రద్దు చేశారు. 2021లో చేరడానికి రికార్డు స్థాయిలో 62,443 మంది దరఖాస్తు పెట్టారు. ఒక్కొక్కరు సగటున 18 స్కూళ్లకు. సీటు దక్కినవాళ్లు 22,666 మంది. ఆ పిలుపులన్నిటికీ మనుషులు విమానాలెక్కి తిరగలేదు, అయినా క్లాసులు నిండాయి.

కోవిడ్ తగ్గాక స్కూళ్లు రెండుగా చీలాయి. చాలావరకు ఆన్‌లైన్లోనే ఉన్నాయి. కొన్ని మాత్రం క్యాంపస్‌కు రమ్మంటున్నాయి, కొన్ని మీ ఇష్టం అంటున్నాయి. మీ ఇష్టం అనే మాట వినడానికి బాగుంటుంది. వెళ్లగలిగినవాడు వెళ్లి చేయి కలిపి వస్తాడు, వెళ్లలేనివాడు తెరమీద కనిపించి తనకేం తక్కువైందోనని కుమిలిపోతాడు. ఇది పాత పద్ధతికి కొత్త పేరు.

మార్కులు వేసే మాటలన్నీ ఆన్‌లైన్లో, అందరికీ ఒకేలా జరగాలి. సీటు ఇచ్చాక, చేరాలా వద్దా అని తేల్చుకోవడానికి పిల్లలను క్యాంపస్‌కు పిలవాలి. అప్పుడు సోఫాలూ ఉంటాయి, పిజ్జా కబుర్లూ ఉంటాయి. ఖర్చు పెట్టుకోలేని పిల్లలకు టికెట్టు డబ్బులు పిలిచిన స్కూలే పెట్టుకోవాలి. అమెరికాలో అడ్మిషన్ కమిటీల్లో కూర్చునే తెలుగు డాక్టర్లకు ఇది చెప్పుకోవాల్సిన మాట. మీ స్కూలు వచ్చే ఏడాది పద్ధతి గురించి చర్చించేటప్పుడు, రాలేకపోయినవాళ్ల తరఫున ఆ గదిలో మాట్లాడండి.